లెక్కకు రాని గొంతులు

సున్నా. మళ్ళీ సున్నాయే. కొరీన్ కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకుని చూసింది, అద్దం మీద మరకేదో అంకెను మింగేసిందేమో అన్నట్టు. మరకా లేదు, మాయా లేదు. ఎడమపక్క మెషీన్ కుడిపక్క మెషీన్ మీదికి సెకనుకి వేలకివేల ప్యాకెట్లు, సమాచారపు ముక్కలు, గుమ్మరిస్తోంది, ఆ వరదలోనే ఆర్విల్ టెష్ అనే ఎనభై ఒక్కేళ్ళ పెద్దాయన గొంతు కూడా ముక్కలు ముక్కలై, ప్యాకెట్లై వస్తోంది. ఎడమ స్పీకర్లో ఆయన మాట గంటలా వినబడుతోంది, "మా ఆవిడ కుర్చీలోంచి లేవలేదమ్మా, మంట కొండ దిగుతోంది, నాకు చేతకావట్లేదు," అని. కుడి స్పీకర్లో మాత్రం చిట్ చిట్ మన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. గొంతు పోయింది, ఆమె కళ్ళెదుటే, చెవులారా వింటూ ఉండగానే పోయింది. అయినా తెర మీద 'వదిలేసిన ప్యాకెట్లు' అని రాసున్న గడిలో గుండ్రంగా, ఏమీ ఎరగనట్టు, సున్నా. ఇదెలా సాధ్యం? ఇరవై ఏడేళ్ళ నుంచి కంపెనీ చేసే ఈ నెట్‌వర్క్ కార్డుతోనే కాపురం చేస్తున్న మనిషి తను, ఇదెలా సాధ్యమో తనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇది పన్నెండోసారి. పొద్దున ఏడున్నరకి ల్యాబ్‌లోకొచ్చి కూర్చుంది, ఇప్పుడు పదకొండూ నలభై, కాఫీ మూడుసార్లు పోసుకుని మూడుసార్లూ చల్లార్చింది. పద్ధతి తెలిసిందే, ఎప్పుడో బాగా పనిచేసిన పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఒక కొస, ఇవాళ తప్పుడు లెక్క చూపిస్తున్నది ఇంకో కొస, మధ్యలో నెట్‌వర్క్ భాగంలో జనం చేసిన మార్పులు ఎనిమిది వేలు. నడిమధ్యది తీసి పరీక్ష పెట్టు, తప్పు ఉంటే ముందు సగం, లేకపోతే వెనక సగం, మళ్ళీ దానికి నడిమధ్యది. పదమూడుసార్లు సగం చేస్తే ఒక్క మార్పు మిగులుతుంది, దాని కింద దాన్ని రాసిన మనిషి పేరు ఉంటుంది. ఎవడో దొరుకుతాడు. పొద్దున కొరీన్ అనుకున్న మాట అదే, ఎవడో దొరుకుతాడు, దొరికాక వాడి సంగతి చూస్తాను అని చేతులు రుద్దుకుంది కూడా. ఆ కొత్త కుర్రకారు నాలుగేళ్ళ కింద ప్యాకెట్లు తీసుకునే పద్ధతంతా తిరగరాశారు కదా, వాళ్ళ పనే అయివుంటుందని లోపల్లోపల తీర్పు కూడా చెప్పేసింది. ఆ తిరగరాసిన మార్పు నాలుగో పరీక్షలోనే నిర్దోషిగా బయటపడింది. అప్పుడైనా సిగ్గు కలగాలి, కలగలేదు.

పదమూడోది తయారవుతోంది. అది తయారై, మెషీన్ ఆగి మళ్ళీ లేచి, పరీక్ష పూర్తవడానికి ఇరవై నిమిషాలు. ఫ్యాన్ల హోరు. తలుపు అద్దంలోంచి హిల్స్‌బొరో వాన, సన్నగా, విసుగు లేకుండా. అవతల తూర్పున, కొండలకి ఆ పక్క టామరాక్ కౌంటీలో వాన ఉండదు, ఆగస్టులో అయితే అసలే ఉండదు, అక్కడ గడ్డి అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంటుంది. ఒంటిగంటకి అక్కడి కోర్టు భవనంలో, అత్యవసర ఫోన్ల గది ఉన్నదీ అందులోనే, మార్లిస్ ఎక్హార్ట్ విచారణ. ఇరవై నాలుగేళ్ళు 911 అత్యవసర ఫోన్లు ఎత్తిన మనిషి, ఆగస్టులో మంట లేచిన రోజు ఆర్విల్ టెష్ ఫోన్ కూడా ఆవిడే ఎత్తింది, "హలో, చెప్పండి, అక్కడెవరైనా ఉన్నారా?" అని మూడుసార్లు అడిగింది, పెట్టేసింది. నియమం ప్రకారం తిరిగి చేసింది, ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి ఆయన ఇంట్లో ఉంటే కదా, భార్యని కుర్చీలోనే వదిలి ఎవరినైనా ఆపి తీసుకొద్దామని రోడ్డు మీదికి పరుగెత్తాడు. తిరిగి వెళ్ళేసరికి ఇల్లు లేదు. గోడలో ఉన్న రికార్డరు తీగ దగ్గరే వింటుంది, మార్లిస్ బల్ల మీద ఇదే కార్డున్న మెషీన్‌లోకి మాట వెళ్ళకముందే వింటుంది, కాబట్టి రికార్డింగులో ఆయన గొంతు నలభై ఎనిమిది సెకన్లు స్పష్టంగా ఉంది. దాని మీదుగా మార్లిస్ గొంతు, హలో, హలో. ఊరు ఊరంతా విన్నారు, టీవీలో వేశారు. ముసలాణ్ణి, ప్రాణాలు ఉగ్గబట్టుకుని చెబుతుంటే నా మొహం మీద ఫోన్ పెట్టేసిందండీ అని ఆయన ఏడ్చింది కూడా వేశారు.

ఇంతకీ కొరీన్ ఏం చేసింది? ఉత్తరం రాసింది. సెప్టెంబరులో కంపెనీ లెటర్‌హెడ్ మీద, తన హోదా కింద తన సంతకంతో, "ఆ సమయంలో మా కార్డు ఒక్క ప్యాకెట్‌నైనా వదిలిన దాఖలా లేదు" అని ఒకే ఒక్క వాక్యం. కౌంటీ వాళ్ళు అడిగారు, పంపిన అంకెలు చూసింది, వదిలినవి సున్నా అని ఉంది, రాసిచ్చింది. నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం దంతాల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, ఆ తొందరలో రాసింది. ఇవాళ విచారణలో బల్ల మీద పెట్టే కాగితాల్లో మొదటిది అదేనట. ఆ మాట చెప్పింది లైల్ బాస్కమ్, ఆ కౌంటీలో కంప్యూటర్లు చూసుకునే ఒకే ఒక్క మనిషి, మొన్న సాయంత్రం ఫోన్ చేశాడు. "మేడం, నేను పదహారేళ్ళుగా మార్లిస్ పక్క గదిలో పని చేస్తున్నాను. ఆవిడకి చెవుడూ లేదు, నిర్లక్ష్యమూ లేదు. ఆవిడ వినబడలేదంటే వినబడలేదు. మీ కాగితంలో ఏముందో నాకు తెలుసు, కాదనట్లేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆ రికార్డింగు మీ దగ్గర ఆడించి చూడండి. తర్వాత ఇంక మిమ్మల్ని విసిగించను," అన్నాడు. పోనీలే పాపం అని ఆడించింది. అతను అడగకపోతే? తనకి ఆ పూట తలనొప్పిగా ఉండి రేపు చూద్దాంలే అనుకుంటే?

మిగిలింది రెండు మార్పులు. పేర్లు చూడకూడదని ఆమె నియమం, పేరు చూస్తే బుద్ధి అటు వంగుతుంది, మెషీన్ చెప్పేదాకా ఆగాలి, కొత్తవాళ్ళకి పాఠంలా చెబుతుంది ఈ మాట. ఇవాళ ఆగలేకపోయింది. రెండు లైన్లు తెర మీదికొచ్చాయి. ఒకటి ఫిన్లాండ్ ఆయనెవరో కోడ్ పక్కన రాసిన వ్యాఖ్యలో స్పెల్లింగు దిద్దింది. రెండోది 'అనవసరపు హెచ్చరికలు తగ్గించడం'. కింద, కొరీన్ హాల్డర్సన్. ఎవరీవిడ అన్నట్టు చూసింది ముందు. నిజంగానే ఎవరో అనుకుంది, ఒక్క క్షణం, పేరు పేరులా కాక ఉట్టి అక్షరాల్లా కనిపించింది. తర్వాత కుర్చీ చక్రాల మీద వెనక్కి పోయి గోడకి తగిలింది, అయ్యో, అయ్యో దేవుడా, నేనా, అని పైకే అంది, గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

పదకొండు లైన్లు. ఆరేళ్ళ కింద, ఫిబ్రవరి. అంత చిన్న మార్పు అసలు గుర్తే లేదు. గుర్తున్నదల్లా పెద్ద పెద్దవి, సభల్లో చప్పట్లు కొట్టించుకున్నవి. ఆ మార్పు ఏం చేసిందో ఇప్పుడు చదువుతుంటే ఒక్కొక్క లైనూ ఎవరో చెంప మీద కొడుతున్నట్టుంది. చోటు లేక కార్డు గుమ్మం దగ్గరే పారేసిన ప్యాకెట్లు అంతకుముందు 'వదిలేసినవి' అన్న గడిలో పడేవి. తను వాటిని తీసి, కార్డుకే సొంతమైన లోపలి పట్టీలోకి మార్చింది, కార్డుని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, రాసేవాళ్ళు తప్ప లోకంలో ఎవరూ తెరవని మూలగదిలోకి. పారెయ్యడం ఆగలేదు, లెక్క కూడా ఆగలేదు, లెక్క కనిపించడం ఆగింది. ఎందుకంటే ఎక్కడో ఏ ఆఫీసులోనో పొద్దున తొమ్మిదికి అందరూ ఒక్కసారి మెషీన్లు తెరిస్తే పదో పాతికో ప్యాకెట్లు పోతాయి, వెంటనే ఎర్రదీపం వెలుగుతుంది, వాళ్ళు భయపడి ఫోన్ చేస్తారు, కంపెనీలో ఫోన్లు ఎత్తే విభాగం వాళ్ళు కొరీన్ బల్ల దగ్గరికొచ్చి మొత్తుకుంటారు. ఆ కొంచెం పోవడం తప్పేమీ కాదు, మామూలే అని తను చెప్పీ చెప్పీ విసిగిపోయి, ఒక శుక్రవారం పూట, మామూలు సంగతిని తప్పుల గడిలో ఎందుకు చూపించాలి అని తీసేసింది. సోమవారం నుంచి ఫోన్లు ఆగిపోయాయి. కేకు తెచ్చారు ఆ విభాగం వాళ్ళు! నిమ్మకాయ కేకు, మీద తెల్లటి పూత, రెండు ముక్కలు తింది.

వాలెస్ ఉండి ఉంటే. వాలెస్ ప్రూయిట్, ఆమెకి ఈ పని నేర్పినవాడు, ఆరడుగుల మూడంగుళాల మనిషి, ఎండైనా వానైనా ఒకటే నీలం స్వెట్టరు. ఇరవై ఆరేళ్ళ కింద హైవే పక్క హోటల్లో ఎదురుగా కూర్చుని, గుడ్లు తింటూ, వంటగది కిటికీ వైపు ఫోర్కు చూపించాడు. "చూడు పిల్లా, వంటవాడు ఒక్కో ప్లేటుకీ గంట కొడుతున్నాడు. కొట్టినప్పుడల్లా వడ్డించే ఆ అమ్మాయి చేతిలో పని వదిలేసి పరుగెత్తుతోంది. పొద్దున ఏడింటికి బాగానే ఉంటుంది. తొమ్మిదింటికి చూడు." తొమ్మిదిదాకా కూర్చోబెట్టాడు నిజంగానే. జనం కిక్కిరిసిపోయారు, గంట ఆగకుండా మోగుతోంది, ఆ అమ్మాయి కిటికీకీ బల్లలకీ మధ్య తిరుగుతూనే ఉంది, ఒక్క ప్లేటు సరైన బల్లకి చేరట్లేదు, బిల్లు ఇచ్చే నాథుడు లేడు. "మెషీన్ కూడా ఇంతే. ఒక్కో ప్యాకెట్‌కీ కార్డు గంట కొడితే ఆపరేటింగ్ సిస్టమ్ గుమ్మానికి పరుగెత్తడంలోనే చచ్చిపోతుంది. పని జరగదు. చూడ్డానికి మాత్రం తెగ కష్టపడుతున్నట్టే ఉంటుంది." మరి ఏం చెయ్యాలి అంటే, "గంట తీసెయ్. మొదటిసారి మోగాక ఇంక మోగొద్దని చెప్పు. నీకు తీరినప్పుడు నువ్వే వెళ్ళి ఒక మోపు తెచ్చుకో, ఇంతకంటే ఎక్కువ తేనని హద్దు పెట్టుకో, మిగతా పనులు చూడు, మళ్ళీ వెళ్ళు. కిటికీ బల్ల నిండిపోయిందా, కొత్త ప్లేటుని అక్కడే పారబొయ్యమను. లోపలిదాకా మోసుకొచ్చి పారబోస్తే మోసిన కష్టం దండగ." పారబోస్తే ఆకలితో ఉన్నవాడి సంగతేంటి అని అడిగింది తను, పాతికేళ్ళ పిల్ల, నోరు ఊరుకోదు కదా. వాలెస్ నవ్వలేదు. "పారబోసినట్టు పెద్ద అక్షరాలతో రాసి గోడకి తగిలించు. అందరికీ కనబడేలా. వరదలో కొన్ని పోతాయి, అది పాపం కాదు. పోలేదని చెప్పడం పాపం." అప్పుడు తలూపింది. ఎంత బుద్ధిగా తలూపిందో!

ఆ మార్పు కింద ఇంకో లైనుంది. 'పరిశీలించినవారు: వాలెస్ ప్రూయిట్'. తన పేరు చూసినప్పటికంటే ఇది ఎక్కువ తగిలింది. వాలెస్ దీన్ని చదివాడా? చదివి ఊరుకున్నాడా? ఊరుకునే మనిషా? రెండో మనిషి చదివి బాగుందని పేరు ఇస్తే తప్ప ఏ మార్పూ లోపలికి పోదు, ఈ వృత్తిలో ఆ పేరే ప్రమాణం, చదవకుండా పేరు ఇవ్వడం ఎంత తప్పో, ఇవ్వని పేరు రాసుకోవడం అంతకంటే పెద్ద తప్పు. ఫిబ్రవరి. వాలెస్ మేలో పోయాడు. ఫిబ్రవరిలో ఆసుపత్రిలో ఉన్నాడు, నాలుగో అంతస్తు, కిటికీలోంచి కారు పార్కింగు కనిపించే గది. తను పువ్వులు తీసుకెళ్ళింది, ఆయనకి పువ్వులంటే పడదు, అయినా తీసుకెళ్ళింది. పని గురించి అడిగాడు. ఏమీ లేదు, ప్యాకెట్ల లెక్కల దగ్గర కొంచెం చిల్లర సర్దుబాటు, రెండు వారాల నుంచి నీ పరిశీలన కోసం ఆగి ఉంది, అంది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు. "నీకు తెలుసు కదా, నీ ఇష్టం," అన్నాడు. అంతే. ఏం సర్దుబాటో చెప్పలేదు, ఆయన అడగలేదు. మందు మత్తులో ఉన్న మనిషి. ఇంటికొచ్చి, ఆయన పేరు తనే టైపు చేసింది. ఆయన సరేనన్నాడుగా అనుకుంది. ఆయన మీద ప్రేమతోనే అనుకుంది కూడా, ఆయన పేరు ఇంకొక్కసారి అందులో ఉండాలని. ప్రేమట! మార్పు ముందుకు పోవాలన్న తొందర కాదూ? ఏది ఎంత పాలో ఇప్పుడెవరు తేలుస్తారు? చదివి ఉంటే మంచం మీంచి లేచి తిట్టేవాడు, ఆ సన్నబడిపోయిన చేత్తోనే వద్దని రాసేవాడు. ఆయన గోడకి తగిలించమన్న కాగితాన్ని చింపింది తను, చింపి, కింద ఆయన సంతకం పెట్టింది.

ఫోన్ వణికింది. కంపెనీ లాయర్ నుంచి రెండో సందేశం, టామరాక్ వ్యవహారంలో తమకి చూపించకుండా బయటికి ఏ కాగితమూ, ఏ మాటా పోకూడదని. ఫోన్ బోర్లా పెట్టింది. పన్నెండు. ఇంకా మెషీన్ లేవలేదు. ఆ అమ్మాయికి, అమ్మాయేమిటి, తనకంటే పెద్దదే, యాభై ఎనిమిదట, మార్లిస్‌కి మూడుసార్లు చెవుల పరీక్ష చేయించారని లైల్ చెప్పాడు. మూడుసార్లూ బాగానే ఉన్నాయి. నాలుగోసారి ఆవిడే సొంతంగా వెళ్ళి చేయించుకుందట, అందరూ అంటుంటే నాకే అనుమానం వస్తోంది లైల్, నేను విని మర్చిపోయానా, విననట్టు నటించానా, నా తలలో ఏమైనా తేడా ఉందా, అని. ఇంట్లో రేడియో పెట్టుకుని ఒక్కో గదిలోకీ వెళ్ళి వినబడుతోందా లేదా అని చూసుకుంటోందట. ఈ మాట మొన్న విన్నప్పుడు జాలి పడింది. జాలి! ఎవరి మీద ఎవరు జాలి పడాలి?

అందరూ ఆవిడని అడిగే ప్రశ్న ఒకటే, ముందు ఫోన్ బాగా వినబడింది, వెనక ఫోన్ బాగా వినబడింది, మధ్యలో ఇదొక్కటే ఎలా వినబడలేదమ్మా అని. దానికి జవాబు కొరీన్‌కి ఇప్పుడు తెలుసు. కార్డులో ఎనిమిది వరసలుంటాయి, వచ్చిన ప్యాకెట్‌ని దాని చిరునామాని బట్టి ఒక లెక్క కట్టి ఏదో ఒక వరసలో నిలబెడుతుంది, ఒకే కాల్‌కి చెందినవన్నీ ఒకే వరసలో పడతాయి. ఆ రోజు మంట కనబడగానే కొండ మీది కెమెరాలన్నీ మార్లిస్ మెషీన్‌లోనే తెరిచారు, అనుభవం ఉన్న మనిషి అని. కెమెరాల బొమ్మలు వరదలా వచ్చి మూడో వరసని నింపేశాయి, ఆ వరస చూడాల్సిన ప్రాసెసరు ఆ బొమ్మల్ని తెర మీద గీయడంలో మునిగిపోయింది. మూడో వరసలో పడిన గొంతు గుమ్మం దగ్గరే పోయింది. మిగతా వరసల్లో పడినవి శుభ్రంగా వినబడ్డాయి. ఆర్విల్ టెష్ మూడో వరసలో పడ్డాడు. పదకొండు నిమిషాలు, కెమెరాలు మూసేదాకా. ఆయన ఇంకో అర నిమిషం ఆగి చేసి ఉంటే, లెక్క వేరేగా వచ్చి ఉంటే, నాలుగో వరసలో పడి ఉంటే. ఛ, ఎందుకీ లెక్కలు? ఆ మెషీన్ తెర మీద ఎర్రదీపం వెలిగి ఉంటే లైల్ పక్క గదిలోంచి రెండంగల్లో వచ్చేవాడు, కెమెరాలు మూసేవాడు, అంతే కథ. ఎర్రదీపం తీగ కోసింది ఎవరు? కేకు తిన్నావిడ.

మెషీన్ లేచింది. పదమూడోసారి ఎడమ స్పీకర్లో పెద్దాయన మొదలుపెట్టాడు, కుడివైపు చిటపటలు. గడిలో అంకె కదిలింది. నూట నలభై, తొమ్మిది వందలు, పదకొండు వేలు, చూస్తుండగానే పరుగు. స్పెల్లింగు దిద్దిన మార్పుతో లెక్క సరిగ్గానే కనిపిస్తోంది. అంటే మిగిలింది ఒక్కటే. తెర మీద తాపీగా ఒక వాక్యం పడింది, మొదటి దోషం ఇదీ అని, కింద ఆమె పేరు. తెలిసిన సంగతే, ఇరవై నిమిషాలుగా తెలుసు. పన్నెండూ పది. లాయర్‌కి చెబితే రేపటికి గానీ తేలదు. కొరీన్ కొత్త ఉత్తరం రాసింది. పాత ఉత్తరం తప్పు, కార్డు ప్యాకెట్లు వదిలింది, వదిలినట్టు కనబడకుండా చేసిన మార్పు నేనే రాశాను, దాన్ని వాలెస్ ప్రూయిట్ పరిశీలించలేదు, ఆ పేరు నేనే పెట్టాను. ఈసారి కూడా నాలుగు నిమిషాలే పట్టింది. పంపింది. వెంటనే లైల్ నంబరు నొక్కింది.

లైల్ మొదటి రింగులోనే ఎత్తాడు. "మేడం?"

"లైల్, ఆ మెషీన్‌ని ఆగస్టు తర్వాత ఆపి మళ్ళీ పెట్టారా?"

"లేదు. విచారణ అయ్యేదాకా ఎవరూ వేలు పెట్టొద్దన్నారు. అలాగే ఉంది. కెమెరాలు కూడా మళ్ళీ తెరవలేదు."

"దాని ముందు కూర్చోండి. నేను చెప్పేది టైపు చెయ్యండి." ఒక్కో అక్షరం చెప్పింది. మూలగది పట్టీ, ఎనిమిది వరసలు, ఒక్కో వరసకీ ఒక అంకె.

"ఒకటి సున్నా. రెండు సున్నా," లైల్ చదువుతున్నాడు, తర్వాత ఆగిపోయాడు. "మూడు... ఇదేంటి మేడం? అరవై ఒక్క లక్షల ఎనిమిది వేల మూడు వందల పదిహేడు." ఆ అంకెనే మళ్ళీ ఒకసారి చదివాడు. "ఇది ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా? నా ముక్కు కింద?"

"ఉంది. కెమెరాలు తెరిచి ఉన్న పదకొండు నిమిషాల్లో పోయినవి అవి. కనబడకుండా చేసింది నేనే. ఉత్తరం పంపాను, అచ్చు తీసి లోపల ఇవ్వండి. మార్లిస్ ఎక్కడున్నారు?"

"వరండాలో బెంచీ మీద. ఉండండి, ఉండండి." అడుగుల చప్పుడు, తలుపు, ఎవరో నవ్వడం, మళ్ళీ తలుపు. లైల్ గొంతు దూరంగా, తడబడుతూ, మార్లిస్, నీకు వినబడకపోవడం నిజమేనట, మెషీనే మింగేసిందట, కాగితం వచ్చింది, అంటూ ఉంటే కొరీన్ ఫోన్ చెవికి నొక్కిపెట్టి కూర్చుంది. ఆవిడ ఏడుస్తుంది, లేదా తిడుతుంది. తిట్టాలి. తిడితేనే బాగుండు.

"నేను మార్లిస్‌ని," అంది ఒక గొంతు, పొడిగా, శుభ్రంగా, ఇరవై నాలుగేళ్ళు ఫోన్‌లో బతికిన గొంతు. "మీరేనా ఉత్తరం రాసింది?"

"రెండూ నేనే రాశాను. మొదటిది తప్పు. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా నాకు లేదు."

"అయితే నాకు నిజంగానే వినబడలేదు."

"వినబడే అవకాశమే లేదండీ. మీ దాకా రాలేదు."

"నా చెవులు బాగానే ఉన్నాయి."

"బాగానే ఉన్నాయి."

ఊపిరి ఒకసారి పైకి లాగి ఆగిపోయింది. ఇంక ఏడుస్తుందనుకుంది కొరీన్. "పదకొండు నిమిషాలు అన్నారు లైల్‌తో," అంది మార్లిస్, గొంతు మారిపోయింది, కింద ఎక్కడి నుంచో వస్తున్నట్టుంది. "ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా?"

"మూడూ రెండు నుంచి మూడూ పదమూడు. కెమెరాలు తెరిచినప్పటి నుంచి మూసేదాకా."

"ఆ టైములో నేను పెట్టేసిన మూగ కాల్స్ ఏడు." ఆవిడ నెమ్మదిగా చెప్పింది, ఒక్కో మాటా తనే కొత్తగా వింటున్నట్టు. "జేబులో ఫోన్ దానంతటదే నొక్కుకున్నవి అనుకున్నానమ్మా. గోల రోజుల్లో అవి వస్తూనే ఉంటాయి. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు, లైన్లు కలవలేదు. జేబు కాల్ అని రాసి మూసేశాను. ఏడింటినీ."

పోయిన కాల్ ఒకటే అనుకుంది కొరీన్. రెండు నెలలుగా ఊరూ, టీవీ, కౌంటీ, కంపెనీ, తనూ, అందరూ అలాగే అనుకున్నారు. ఆర్విల్ టెష్ బతికి వచ్చి అడిగాడు కాబట్టి ఆయన కాల్ ఒక్కటే బయటికి తీసి విన్నారు. మిగతా ఆరింటిని ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదు? అడగడానికి ఎవరూ, అని ఆలోచన అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయింది, ముందుకు పోవడానికి భయపడింది. ఆ మంటలో పోయినవాళ్ళు తొమ్మిదిమంది. ఆ అంకె పేపర్లో చదివింది, కాఫీ తాగుతూ.

"మార్లిస్ గారూ," అంది చివరికి. "ఆ రికార్డింగులు..."

అవతల ఫోన్ బెంచీ మీద పెట్టిన చప్పుడు. బెంచీ కిర్రుమంది. లైల్ ఏదో అంటున్నాడు, టైమైంది, లోపల పిలుస్తారు అని. ఆవిడ తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. కొరీన్ ఫోన్ పెట్టలేదు. పన్నెండూ నలభై అయింది, యాభై అయింది, లాయర్ నుంచి కాల్ మీద కాల్ వచ్చింది, వాటిని పోనిచ్చింది. ఎడమ స్పీకర్లో పెద్దాయన మొదటి నుంచి మళ్ళీ మళ్ళీ చెబుతూనే ఉన్నాడు, పరీక్ష ఆపడం మర్చిపోయింది, లేచి ఆపింది. గది నిండా ఫ్యాన్ల హోరు మిగిలింది.

ఒంటిగంట దాటాక లైల్ ఫోన్ అందుకున్నాడు. "మేడం, ఉన్నారా? కాగితం ఇచ్చేశాను. చదివారు. ఆవిడని లోపలికి రమ్మంటున్నారు, వాళ్ళే ఆవిడకి క్షమాపణ చెబుతారట."

"వెళ్ళారా?"

"రావట్లేదు. రికార్డరు గదిలో కూర్చుంది, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. ఆరూ వింటోంది. వినడం కాదు మేడం. ఒక్కొక్కళ్ళకీ జవాబు చెబుతోంది. వినబడుతోందండీ, చెప్పండి, మీ ఇల్లెక్కడ, అంటోంది. వాళ్ళు చెప్పిన చిరునామా కాగితం మీద రాసుకుంటోంది. ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. నేనేం చెయ్యను?"

"ఆపకండి," అంది కొరీన్.